రెండు గళ్ళ మధ్య నలభై ఒక్క హత్యలు

ఇది ఒక మహాయుద్ధం కథ. ఇందులో ఒక చెక్క వంతెన ఉంది. వంతెన కింద ఎర్రగా పారే ఏరుంది. వంతెన మధ్యలో ఒంటరిగా నిలబడ్డ కత్తివీరుడు ఉన్నాడు. ముందు నుంచి ముప్పైమంది, వెనక నుంచి పదకొండుమంది. పొద్దు వాలేలోగా వంతెన పలకల సందుల్లోంచి నెత్తురు ధారలు కట్టి కిందికి కారుతుంది. ఆ నలభై ఒక్కమందినీ చంపింది నేనే. ఒక్కణ్ణే. ఇరవై నాలుగేళ్ళ వయసులో, ఐదు వారాల్లో చంపాను. పశ్చాత్తాపం లేదు.

ఎవరైనా పోలీసులకు ఫోన్ చేసేలోగా మిగతాది కూడా చెప్పేస్తాను. అది యుద్ధం కాదు, ఉద్యోగం. జరిగింది వంతెన మీద కాదు, సింగపూర్ సైన్స్ పార్క్‌లో ఒక ఆఫీసు మూడో అంతస్తులో, ప్రింటరు పక్క సీట్లో. నా చేతిలో ఉన్నది కత్తి కాదు, ప్లాస్టిక్ పెన్ను. మొత్తం సంగ్రామంలో నిజంగా గాయపడింది నా ఎడమ మోచెయ్యి ఒక్కటే. అదీ కార్పెట్ మీద చచ్చిపోవడం ప్రాక్టీసు చేస్తుంటే గీరుకుపోయింది.

జపాన్‌లో ఒక మాంగా ఉంది, అంటే వారం వారం పత్రికలో వచ్చే బొమ్మల కథ. పేరు చెప్పను, చెప్పనని కాగితం మీద సంతకం పెట్టాను. దాన్ని టీవీ సీరియల్‌గా తీస్తున్నారు. మాంగా కదలడం మొదలుపెడితే దాన్ని అనిమే అంటారు. నేను అద్దెకుండే ఇంటి ఆంటీ ఒకరోజు పెసరట్టు వేస్తూ, "ఆల్రెడీ వేసేసిన బొమ్మలే కదా నాన్నా, మళ్ళీ నువ్వేం వేస్తావు?" అని అడిగింది. ఇంటర్వ్యూలో కూడా నన్నెవరూ ఇంత సూటిగా అడగలేదు.

దానికి జవాబు ఏమిటంటే, మాంగాలో ఎవరూ చావరు. ఒక గడిలో కత్తి పైకి లేస్తుంది. పక్క గడిలో తల నేల మీద ఉంటుంది. రెండు గళ్ళ మధ్య చిటికెన వేలంత కూడా లేని తెల్లటి సందు ఉంటుంది. చావంతా ఆ సందులోనే జరిగిపోతుంది. అక్కడ రచయిత ఏమీ గియ్యడు, చదివేవాడే మనసులో నరుక్కుంటాడు. అనిమేలో ఆ వెసులుబాటు లేదు. కత్తి ఎక్కణ్ణుంచి బయల్దేరింది, మెడలో ఎక్కడ దిగింది, ఎముక తగిలాక ఎంతసేపు ఆగింది, అవతలి వైపు ఎంత వేగంతో ఊడిపడింది, తల పోయాక మొండెం ఎన్ని క్షణాలు నిలబడింది, ముందు ఏ మోకాలు మడిచింది, అన్నీ గీసి చూపించాలి. ఆ తెల్ల సందులో కూర్చుని మనుషుల్ని చంపడమే నా పని.

బుకిట్ పంజాంగ్‌లో నేనుండే బ్లాకు పక్కనుంచే ఎల్ఆర్‌టీ అనే చిన్న రైలు పోతుంది. ఇళ్ళకు మరీ దగ్గరగా వచ్చినప్పుడు, లోపలివాళ్ళు జనం ఇళ్ళలోకి తొంగిచూడకుండా రైలు అద్దాలు వాటంతటవే తెల్లబడతాయి. ఒకాయన బనీను ఆరెయ్యడానికి వెదురు కర్ర పైకెత్తుతాడు. అద్దం తెల్లబడుతుంది. మళ్ళీ తేటపడేసరికి వేరే వీధి, వేరే చెట్లు. ఆ మధ్యలో కర్ర ఎవరి నెత్తిన దిగింది? మామూలు మనుషులు ఫోన్ చూసుకుంటూ కూర్చుంటారు. నేను ఆ బనీనాయన చేత రోజుకొకరిని చంపించుకుంటూ ఆఫీసుకు పోయేవాణ్ణి.

మా స్టూడియోలో తొమ్మిదిమందిమి. జపాన్ వాళ్ళకు చేతులు చాలనప్పుడు కొన్ని కట్‌లు మాకు పంపుతారు. కట్ అంటే కెమెరా ఒకచోట నిలబడి చూసినంతసేపు వచ్చే ముక్క. మా యజమాని ముత్తాత ఎప్పుడో ఓడెక్కి వచ్చినవాడు. నాలుగు తరాలుగా ఇక్కడే ఉన్నారు. ఆయన మాటల్లో తెలుగు తగినంత ఉంటుంది, కూరలో ఉప్పులాగా. మిగతాదంతా తమిళం, మలయ్, ఇంగ్లీషు. "తంబీ, మకాన్ అయిందా?" అని భోజనం సంగతి అడిగితే మూడ్ బాగున్నట్టు. "డేయ్" అని మొదలుపెడితే బాత్రూముకు పోయి రావడం మంచిది.

ఒకరోజు "తంబీ" అనే మొదలుపెట్టారు. తర్వాత తెలిసింది, తంబీ కూడా ప్రమాదమేనని.

"తొమ్మిదో ఎపిసోడ్, బ్రిడ్జి ఫైట్. మొత్తం మనకే ఇచ్చారు. డ్రాయింగ్ నువ్వు చెయ్, కలర్ నీ పక్క సీటు ఆపా చేస్తది."

"నేనా సార్? నలభై ఒక్కమందిని?"

"ఎన్న, భయమా? వాళ్ళు తిరిగి కొట్టరు లే. ఒకటే మాట విను. రిటేక్ రాకూడదు. నీ ఆరు నెలల ప్రొబేషన్ ఈ ఫైట్‌తో అయిపోద్ది. రిటేక్ లేకుండా పోయిందా, నిన్ను కన్ఫర్మ్ చేస్తా. ఒక్కటి వచ్చినా, సుడా."

రిటేక్ అంటే, బాగాలేదు మళ్ళీ గియ్యండని జపాన్ నుంచి తిరిగి రావడం. సుడా అంటే మలయ్‌లో అయిపోయిందని. ఉద్యోగం పోతే ఇక్కడ పనిచేసే పాస్ పోతుంది, పాస్ పోతే ముప్పై రోజుల్లో దేశం ఖాళీ చెయ్యాలి. నాకు ముందు ఆ సీట్లో కూర్చున్నవాడు గుర్రాలు గియ్యడం రాక సుడా అయ్యాడు. వాడి రబ్బరు చెప్పులు ఇంకా బల్ల కిందే ఉన్నాయి. రోజూ నా కాళ్ళకు తగిలేవి.

వెటకారం కాసేపు పక్కన పెట్టి ఒక మాట చెబుతాను. ఆ ఉద్యోగం నాకు కావాలి. కాకినాడలో ఇంజనీరింగ్ నాలుగేళ్ళూ రికార్డు పుస్తకాల వెనక పేజీల్లో కొట్లాటలు గీసినవాణ్ణి. నాకు వచ్చిన పనీ, నాకు నచ్చిన పనీ ఒకటే కావడం జీవితంలో అదే మొదటిసారి. మళ్ళీ జరుగుతుందన్న నమ్మకం లేదు. వెటకారం మళ్ళీ మొదలు.

అప్పటికి ఐదు నెలల కిందట, చేరిన రోజు ఇచ్చిన అపాయింట్‌మెంట్ లెటర్‌లో మొదటి పేజీ చదివి, నా ఇంటిపేరు తప్పుల్లేకుండా రాసినందుకు సంతోషించి, ప్లాస్టిక్ ఫోల్డరులో పెట్టేశాను. బొమ్మలు గీసే టాబ్లెట్ కొంచెం పల్లంగా ఉందని ఆ ఫోల్డరును దాని కింద ఎత్తుగా పెట్టుకున్నాను. నలభై ఒక్క హత్యలూ ఆ లెటర్ మీదే జరిగాయి.

మొదటివాణ్ణి చంపడానికి నాకు మూడు రోజులు పట్టింది. కత్తి తిన్నగా పోయింది, మెడ తిన్నగా తెగింది, తల తిన్నగా పడింది. చాలా శుభ్రంగా ఉంది.

ఆపా నా పక్క సీటు. హైదరాబాద్ మెహదీపట్నం నుంచి వచ్చి ఆరేళ్ళయింది. అక్క అనడానికి వాళ్ళింట్లో ఆపా అంటారు, ఆఫీసంతా అదే పేరుతో పిలుస్తుంది. ఆవిడ నన్ను గోదావరి అని పిలుస్తుంది. కుర్చీ జరుపుకుని నా తెర చూసింది.

"ఏయ్ గోదావరీ, ఇది మెడ నరికినట్టుందా, బర్త్‌డే కేక్ కోసినట్టుందా?"

"తల తెగింది కదా ఆపా."

"తెగింది మియా, గానీ వానికి నొప్పి లేదు, వీనికి కష్టం లేదు. నక్కో, ఇట్ల వద్దు. మటన్ కొట్టుడు ఎన్నడన్న చూసినవా?"

చూడలేదు. మా ఇంట్లో కోడిని కూడా కవర్లో చూడటమే. అందుకని మర్నాడు పొద్దున్నే బ్లాకుల మధ్య ఉన్న మార్కెట్‌కు పోయి చేపల కొట్టు ముందు నిలబడ్డాను. కొట్టు అంకుల్ వెడల్పాటి కత్తి ఎత్తి ఒక పెద్ద చేప తల మీద వేశాడు. అప్పుడు తెలిసింది నాకు తెలియనిది. కత్తి తెగ్గొట్టి ఆగదు. దిగి, ఎముకలో ఇరుక్కుని, బయటికి రానంటుంది. అంకుల్ మణికట్టు తిప్పి కత్తిని పీకాడు. అప్పుడొచ్చింది చప్పుడు, తడిగుడ్డ చింపినట్టు. నెత్తురు చిమ్మలేదు. ఒక్క క్షణం ఏమీ జరగనట్టు ఉండి, తర్వాత అంచుల్లోంచి నెమ్మదిగా ఊరింది. తల విడిపోయాక కూడా చేప నోరు రెండుసార్లు తెరుచుకుంది. నోట్‌బుక్‌లో "నోరు, రెండుసార్లు" అని రాసుకున్నాను.

"కొంటావా? ఊరికే చూస్తావా?" అన్నాడు అంకుల్ ఇంగ్లీషులో.

కొన్నాను. వరసగా తొమ్మిది రోజులు కొన్నాను. నేనుండే ఇల్లు ఉల్లిపాయ కూడా తిథి చూసుకుని తరిగే ఇల్లు, అందుకని చేపలన్నీ తిన్నగా ఆఫీసు ఫ్రిజ్ మీదుగా ఆపా ఇంటికి పోయేవి. నా కళాసాధన వల్ల వాళ్ళింట్లో తొమ్మిది రోజులు చేపల పులుసు. పదో రోజు ఆవిడే, "ఇగ చాలు రా బాబా, మా ఆయన చేతులెత్తేసిండు, మనుషుల మీదకి పో" అంది.

మనుషులంటే మేమిద్దరమే. లిఫ్టు పక్క వరండాలో ఫోన్‌ను నీళ్ళ సీసాకు ఆనించి వీడియో పెట్టుకుని, ఆవిడ గొడుగుతో పొడవడం, నేను చావడం. ఆవిడ పొడుపులో మొహమాటం ఉండేది కాదు. పొత్తికడుపులో పొడిస్తే మనిషి వెనక్కి పడడు, ముందుకు ఒంగుతాడు. పొడిచినవాడి భుజమే పట్టుకుని వేలాడతాడు. చంపినవాణ్ణే ఆసరాగా పట్టుకోవడం ఏ గడిలోనూ లేదు. పదిహేడోవాడి చావు అదే. వీరుడి మెడ చుట్టూ చేతులేసి, చెవిలో ఏదో చెప్పబోతూ, నోట్లోంచి మాటకు బదులు నెత్తురు బుడగ వచ్చి, అలాగే జారిపోతాడు. ఐదు వారాల్లో నేను గర్వపడ్డ హత్య అదొక్కటే.

ఒకసారి నేను గొంతు పట్టుకుని గురకలు పెడుతూ నేల మీద కాళ్ళు కొట్టుకుంటున్నాను. ఆపా నా ఛాతీ మీద కాలు పెట్టి గొడుగు పీకుతోంది. అప్పుడే సెక్యూరిటీ అంకుల్ వచ్చాడు.

"ఓయ్! వాట్ యూ టూ డూయింగ్?"

"వర్కింగ్, అంకుల్," అంది ఆపా, కాలు తియ్యకుండా.

ఆయన నన్నూ, గొడుగునూ, మెడ పక్కన ఆవిడ పోసిన టమాటా సాస్‌నూ తీరిగ్గా చూశాడు. "వర్కింగ్ ఓకే. ఫైర్ డోర్ డోంట్ బ్లాక్, లా," అని వెళ్ళిపోయాడు. ఒక మనిషి కళ్ళ ముందు ప్రాణం విడుస్తుంటే తలుపుకు అడ్డం తప్పుకుని విడవమన్నాడు.

మాంగాలో నెత్తురు నల్లగా ఉంటుంది, ఎందుకంటే అంతా నల్ల సిరాయే. రంగు వెయ్యాల్సి వచ్చినప్పుడు అసలు గొడవ మొదలవుతుంది. ఆపా దగ్గర నాలుగు ఎరుపులుండేవి. కత్తి మీదున్నది, గుడ్డలో ఇంకింది, చెక్క మీద ఎండింది, ఏట్లో కలిసింది. "ఇది కత్తి మీదిది, ఇది చెక్క మీదిది, కలపకు," అని నా మీద అరిచేది. ఇరవై ఆరోవాడి చెయ్యి మోచేతి దగ్గర తెగి ఎగిరి ఏట్లో పడుతుంది. ఆ ఒక్క చేతికే నాలుగు ఎరుపులూ కావాలి. ఆవిడ దాంతో ఒకటిన్నర రోజు కాపురం చేసింది. చివరికి, "మా నిఖాకు నా చేతుల మెహందీకి కూడా ఇంతసేపు పట్టలేదు," అంది.

నాలుగో వారం చివరికి ముప్పైమంది పోయారు. ఇక వెనక నుంచి వచ్చే పదకొండుమంది. వీరుడు గిరుక్కున వెనక్కి తిరిగి వాళ్ళ మీద పడాలి. సమయం చూస్తే నాలుగు రోజులుంది. ఒక్కొక్కడికి ఒక రోజు పట్టే చోట పదకొండుమంది. బల్ల కింద ఆ రబ్బరు చెప్పులు నా వైపే చూస్తున్నాయి.

అప్పుడు నాకు తెలివి వచ్చింది. నా జీవితంలో వచ్చిన ప్రతి ఇబ్బందికీ ముందు ఇలాగే తెలివి వచ్చింది. గీసిన బొమ్మను అద్దంలో చూసినట్టు తిరగెయ్యడానికి ఒక మీట ఉంటుంది. వీరుడు ఇప్పటిదాకా ఎడమకు తిరిగి నరికాడు, ఇప్పుడు కుడికి తిరిగి నరకాలి. ముందు చచ్చిన ముప్పైమందిలోంచి పదకొండు మంచి చావులు ఏరి, తిరగేసి, చచ్చేవాళ్ళ మొహాలూ టోపీలూ మార్చేస్తే సరి.

ఆపాకు చూపించాను.

"గట్ల తిప్పితే ఒర కుడి నడుముకు వస్తది గద?"

"మళ్ళీ ఎడమకు గీసేశా."

"కత్తి మీద చేతులు?"

"కుడి చెయ్యి పైకి మార్చేశా."

"చెంప మీద గాటు?"

"అదీ మార్చా ఆపా. నన్నేమనుకున్నావు?"

ఆవిడ కాసేపు చూసి, "సైతాన్ దిమాగ్ రా నీది," అంది. సన్మానపత్రం అందుకున్నట్టు ఫీలయ్యాను. శుక్రవారం మధ్యాహ్నం అన్ని కట్‌లూ జపాన్ పోయాయి. యజమాని స్వయంగా నాకు చోటు పట్టడానికి క్యాంటీన్ బల్ల మీద టిష్యూ పొట్లం పెట్టి చోప్ చేశారు. కాబోయే పర్మనెంటు ఉద్యోగికి దక్కే గౌరవం అది.

శనివారం మా ఇంటి అంకుల్ వాళ్ళ నాన్నగారి తద్దినం. అంకుల్ బ్యాంకులో కంప్యూటర్ల మీద పనిచేస్తారు, పురోహితుడు రాజమండ్రిలో ఉంటారు, కార్యక్రమం వీడియో కాల్‌లో. ఆంటీ గారెలు వేస్తోంది కాబట్టి ఫోన్ పట్టుకునే బాధ్యత నాకు పడింది. హాల్లో ఒక మూల నిలబడి, అంకుల్‌కు పురోహితుడు, పురోహితుడికి అంకుల్ కనిపించేలా పట్టుకున్నాను.

"ప్రాచీనావీతి," అన్నారు పురోహితుడు.

అంకుల్‌కు అర్థం కాలేదు. పురోహితుడు తన జంధ్యం కుడి భుజం మీదికి మార్చి చూపించి, "నాలాగా వేసుకోండి," అన్నారు. అంకుల్ ఫోన్‌లోకి చూశారు, తనది చూసుకున్నారు, కదల్లేదు.

"మార్చండయ్యా!"

"మీదెటుందో నాదీ అటే ఉందండి."

"నేను మీకెదురుగా ఉన్నాను నాయనా! నా కుడి మీకు ఎడమగా కనబడుతుంది. అద్దం అనుకుంటున్నారా నన్ను? బతికున్నవాళ్ళ పనులకు ఎడమ భుజం, పోయినవాళ్ళ పనికి కుడి భుజం. పిండం ఎవరికి పెడుతున్నామో తేడా తెలియొద్దూ?"

అంకుల్ మార్చారు. పిండాలయ్యాక సవ్యం అన్నప్పుడు మళ్ళీ ఎడమకు మార్చడం మర్చిపోయారు. "ఇంక ఎడమకు తెచ్చుకోండి, మీరింకా బతికే ఉన్నారు," అన్నారు పురోహితుడు. నాకు నవ్వాగలేదు. ఫోన్ ఊగింది. "ఆ కుర్రాణ్ణి కదలకుండా నిలబడమనండి, నాకు కళ్ళు తిరుగుతున్నాయి," అని రాజమండ్రి నుంచి వినబడింది. ఒక్క దారం పక్కకు జరిగితే ఇంత రాద్ధాంతమా అని నవ్వుకుంటూనే పన్నెండు గారెలు తిన్నాను.

సోమవారం పొద్దున్న తొమ్మిదిన్నరకు ఆఫీసులో "డేయ్!" అని వినబడింది. బాత్రూముకు పోయే సమయం కూడా లేదు.

యజమాని తెర మీద పదకొండు బొమ్మలున్నాయి. అన్నిట్లోనూ వీరుడి ఛాతీ చుట్టూ ఎర్ర గీతతో సున్నా. కింద దుబాసీ ఇంగ్లీషులో పెట్టిన ఒక్క వాక్యం. తెలుగులో చెప్పాలంటే, "ఈ మనిషి చనిపోయి ఉన్నాడు."

"ఎక్కడ చచ్చాడు? నిలబడి నరుకుతున్నాడు కదా!" యజమాని బల్ల మీద గుద్దారు. కాఫీ కప్పు ఎగిరి, నా చొక్కా మీద ఐదో ఎరుపు లాంటిదేదో పడింది. "ఫార్టీ వన్ కిల్స్ చేయమంటే, హీరోని కూడా కలిపి ఫార్టీ టూ చేశావా?"

కింద ఇంకో రెండు ముక్కలున్నాయి. ఆపా చదివింది. వీరుడు వేసుకున్న కిమోనోకు, అంటే ముందు తెరుచుకునే ఆ పొడుగు అంగీకి, ఎప్పుడూ ఎడమ వైపు అంచు పైకి రావాలి. కుడి అంచు పైకి వేసేది ఒక్క సందర్భంలోనే, శవానికి.

నేను ఒరను మార్చాను, చేతులు మార్చాను, గాటును మార్చాను. మెడ దగ్గర ఒకదాని మీద ఒకటి వచ్చే ఆ రెండు గీతల్ని మాత్రం అద్దంలో పడ్డట్టే వదిలేశాను. వీరుడు పాడె మీద కట్టిన బట్టలతో లేచి వచ్చి పదకొండుమందిని నరికాడు.

"ఒక్క గీతకు ఇంత లొల్లా?" అంది ఆపా.

అలా అనాల్సినవాణ్ణి నేనే. కానీ నాకు శనివారం నాటి అంకుల్ ఎడమ భుజం గుర్తొచ్చింది. కడుపులో పన్నెండు గారెలూ మళ్ళీ బరువెక్కాయి.

"వాళ్ళదే కరెక్ట్ సార్," అన్నాను. "మనం వాడికి జంధ్యం తిప్పేశాం."

యజమాని అరవబోయి ఆగారు. ఆయనకు తెలుగు ఉప్పులాగే ఉండొచ్చు గానీ, ఆ ఉప్పు ఎక్కడ వెయ్యాలో అక్కడే ఉంది. కుర్చీలో కూర్చున్నారు. "మా అప్పా పోయినప్పుడు," అన్నారు నెమ్మదిగా, "నా తువ్వాల ఇటు నుంచి అటు వేయించారు. నేను తప్పు వేసుకున్నా. మా అత్త అందరి ముందూ చెంప మీద ఒకటిచ్చింది."

ఇలాంటప్పుడు నేను నోరు మూసుకోవాలి. మూసుకోలేదు.

"సార్, వాడు బయటికి బతికున్నా లోపల చచ్చిపోయాడని సింబాలిక్‌గా చేశామని రాస్తే?"

మాంగాలో అయితే ఇక్కడ ఒక తెల్ల సందు వచ్చి, తర్వాత గడిలో నా తల నేల మీద ఉండేది.

"రేపు సాయంత్రం ఆరుకి పోవాలి," అన్నారు. "గియ్యి. అయ్యాక నువ్వూ నేనూ మాట్లాడుకోవాలి."

పదకొండు కట్‌లు, రెండు వందల పైచిలుకు బొమ్మలు. సినిమాలో అయితే రాత్రంతా కూర్చుని, తెల్లారేసరికి ఎర్రబడ్డ కళ్ళతో ముగించాలి. మా భవనంలో ఏడింటికి ఏసీ ఆపేస్తారు, పావుగంటలో మనిషి ఉడుకుతాడు, కాబట్టి ఏడింటికి యుద్ధం ఆపి ఇంటికి పోయి, పప్పుచారు తిని, పొద్దున్నే మళ్ళీ వచ్చాం.

తప్పు దిద్దడం చంపడం కన్నా హింస. మెడ దగ్గర గీత మారిస్తే గుడ్డ మడత మారుతుంది, మడత మారితే దాని మీద చిమ్మిన నెత్తురు మారుతుంది. ముప్పై ఏడోవాడి గొంతు తెగి వీరుడి ఛాతీ నిండా పడ్డ నెత్తురును ఆపా మొత్తం తుడిచి, మళ్ళీ మొదటి నుంచి పోసింది. నలభయ్యోవాడి వేళ్ళు చచ్చేముందు ఆ అంచునే పట్టుకుని చింపుతాయి. ఆ వేళ్ళన్నీ విరగ్గొట్టి మళ్ళీ అతికించాను. ఒక్కో బొమ్మలో వాణ్ణి పాడె మీంచి దింపడం, బట్టలు సరిచెయ్యడం, పోయి నరుకు నాయనా అని మళ్ళీ వంతెన మీదికి తొయ్యడం. మధ్యాహ్నానికి నా మణికట్టు వాచింది. ఆపా తన దుపట్టా అంచు చింపి కట్టింది. "ఏడ్వకు," అంది. ఏడవడం లేదు, చెమట. ఆ మాట ఆవిడా నమ్మలేదు, నేనూ నమ్మలేదు.

"నన్ను పంపేస్తే ఈ సీట్లోకి ఎవరొస్తారో ఆపా?"

"ఎవడొస్తే ఏంది? వాడు చేపలు తెస్తడా?"

ఐదూ యాభైకి పంపాం. బుధవారం పొద్దున్న జవాబు వచ్చింది. "అందింది. ధన్యవాదాలు." ఐదు వారాల రక్తపాతానికి రెండే మాటలు. పదిహేడోవాడి గురించి ఒక్క ముక్క లేదు.

రిటేక్ మాత్రం వచ్చింది. రూల్ రూలే. ఎవరూ చెప్పకముందే సర్దుకోవడం మొదలుపెట్టాను. పెన్ను, నీళ్ళ సీసా, చేపల నోట్‌బుక్ సంచిలో వేశాను. బల్ల కింద రబ్బరు చెప్పుల పక్కన నావి కూడా వదిలేస్తే వరసగా ఉంటాయా అనిపించింది. టాబ్లెట్ ఎత్తి కింద ఉన్న ఫోల్డరు తీశాను. ఇన్ని నెలల బరువుకు కాగితాలు ఒకదానికొకటి అతుక్కుపోయాయి.

యజమాని గదిలోకి పోయాను. గుమ్మంలో ఆపా నిలబడింది, చేతిలో గొడుగు. ఎందుకు తెచ్చిందో తెలియదు.

"రిటేక్ వచ్చింది తంబీ," అన్నారు ఆయన నా మొహం చూడకుండా.

"సుడా, సార్?"

"నాకేం సరదానా? ఒకసారి ఊరుకుంటే అందరికీ ఊరుకోవాలి. నీ అపాయింట్‌మెంట్ లెటర్ ఇలా ఇయ్యి. పైన నంబర్ చూసి టెర్మినేషన్ రాయాలి."

ఇచ్చాను. కళ్ళద్దాలు పెట్టుకుని, అతుక్కున్న పేజీలను గోటితో ఒక్కొక్కటే విడదీశారు. మొదటి పేజీ. రెండోది. మూడోది చిరిగింది. నాలుగో పేజీ దగ్గర ఆగారు. మళ్ళీ పై నుంచి చదివారు. పెదాలు కదిలాయి. ఆపా నా భుజం మీంచి తొంగిచూస్తోంది, ఆవిడ ఊపిరి నా చెవికి తగులుతోంది.

"ఇది ఎవరు టైప్ చేశారు?" అన్నారు చివరికి.

"మీరే సార్. నా ఎదురుగానే."

ఆయన కళ్ళద్దాలు తీసి చొక్కాతో తుడుచుకున్నారు. కిటికీలోంచి కార్ పార్కింగ్ వైపు చూశారు. "నీకు గుర్రాలు గియ్యడం వచ్చా?"

"నేర్చుకుంటా సార్."

"పదో ఎపిసోడ్‌లో పన్నెండు గుర్రాలు. పో, పని చూసుకో."

ఆపా గొడుగు దించింది. నేను కాగితాలు తీసుకుని సీటుకు వచ్చి, సంచిలోంచి పెన్ను మళ్ళీ బయటికి తీసి, ఆయన ఎక్కడ ఆగారో అక్కడ చదివాను. నాలుగో పేజీ, ఏడో పేరా. ప్రొబేషన్ కాలం మూడు నెలలు. ఆలోగా కంపెనీ రాతపూర్వకంగా ఏమీ తెలియజెయ్యకపోతే ఉద్యోగం ఖాయమైనట్టు పరిగణించబడుతుంది.